కవరు విప్పకుండా లెక్క చెప్పే గణితం

మన పెళ్ళిళ్ళలో చదివింపుల సంగతి అందరికీ తెలిసిందే. ఒకాయన కవరులో నూట పదహార్లు పెడతాడు, ఇంకొకాయన వెయ్యి నూట పదహార్లు పెడతాడు. కవరు అంటించాక ఎవరు ఎంత పెట్టారన్నది పెట్టినవాళ్ళకే తెలుసు. ఇప్పుడు ఒక గుమాస్తా ఉన్నాడనుకోండి. ఆయన ఒక్క కవరు కూడా విప్పడు. అన్నిటినీ దగ్గర పెట్టుకుని ఏదో లెక్క చేసి, చివరికి ఇంకో అంటించిన కవరు మన చేతికిస్తాడు. అందులో ఉన్నది చదివింపుల మొత్తం. దాన్ని విప్పగలిగింది పెళ్ళికూతురి తండ్రి ఒక్కడే. ఎంత కలిపాడో గుమాస్తాకే తెలియదు!

ఇది మాయ కాదు, గణితం. దీని పేరు హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారానికి తాళం వెయ్యడం. తాళం వేసిన రూపాన్ని గుప్తపాఠం అందాం. మామూలు ఎన్‌క్రిప్షన్‌లో లెక్క చెయ్యాలంటే ముందు తాళం తియ్యాలి. హోమోమార్ఫిక్ పద్ధతిలో తాళం వేసి ఉండగానే లోపలి అంకెల మీద కూడికలూ గుణకారాలూ చెయ్యవచ్చు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ భద్రతకు సంబంధించినది. నేను ఈ గణితాన్ని కనిపెట్టేవాణ్ణి కాను, వాడుకునేవాణ్ణి. ఈ మధ్య మన సంఘంలో ఎవరితో మాట్లాడినా "మా వైద్య వివరాలు ఎన్‌క్రిప్ట్ చేసే ఉంచుతారట, ఇక భయం లేదుగా?" అనో, "మన ఎన్నికలు ఆన్‌లైన్‌లో పెట్టేస్తే పోలా?" అనో అడుగుతున్నారు. ఈ ప్రశ్నలకు అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

కొంచెం చరిత్ర

ఈ ఆలోచన కొత్తది కాదు. 1978లో రివెస్ట్, ఆడిల్‌మన్, డెర్టూజోస్ అనే ముగ్గురు ఒక ప్రశ్న వేశారు. అప్పులిచ్చే ఒక సంస్థ తన ఖాతాలను వేరేవాళ్ళ కంప్యూటర్‌లో దాచుకుంటోంది. కంప్యూటర్ యజమానికి ఖాతాలు కనపడకూడదు, కానీ లెక్కలు మాత్రం అతని యంత్రమే చెయ్యాలి. కుదురుతుందా? ఈనాటి క్లౌడ్ సమస్య అచ్చంగా ఇదే కదా!

ఆ తరువాత కొన్ని పద్ధతులు గుణకారం చెయ్యనిచ్చాయి. 1999లో వచ్చిన పాయే పద్ధతి కూడికలు చెయ్యనిచ్చింది. రెండూ కలిపి, ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెయ్యనిచ్చే పద్ధతి కోసం ముప్ఫై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేస్తున్న క్రెయిగ్ జెంట్రీ దాన్ని సాధించాడు. తరువాత బ్రాకెర్‌స్కీ, మన దేశం నుంచి వెళ్ళిన వినోద్ వైకుంఠనాథన్ వంటివాళ్ళు దాన్ని ఇంకా చక్కబరిచారు. జెంట్రీతో కలిపి ఈ ముగ్గురికీ 2022లో గోడెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా విశ్వవిద్యాలయాల్లో వ్యవహారం అనుకోకండి. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్ మీ పాస్‌వర్డ్ ఎక్కడైనా బయటపడిందా అని చూడడానికి 2021 నుంచి ఈ పద్ధతి వాడుతోంది. ఆపిల్ 2024లో ఐఫోన్‌లోకి తెచ్చింది. ఎవరో ఫోన్ చేస్తే ఆ నంబరును తాళం వేసి సర్వర్‌కు పంపుతారు, ఏ నంబరు గురించి అడిగారో తెలియకుండానే సర్వర్ జవాబిస్తుంది.

కాగితం మీద చిన్న లెక్క

నమ్మకం కుదరాలంటే చేసి చూడాలి. ఆర్‌ఎస్ఏ అనే పాత పద్ధతిని బొమ్మ అంకెలతో తీసుకుందాం. తాళం వెయ్యడం ఇలా: అంకెను ఘనం చేసి, 33తో భాగించి, శేషం ఉంచుకోవాలి. ఇది అందరికీ తెలిసిన సూత్రమే. తాళం తియ్యడం ఇలా: వచ్చిన అంకెను ఏడో ఘాతానికి హెచ్చించి, మళ్ళీ 33తో భాగించి శేషం చూడాలి. ఆ ఏడు అన్నది యజమాని రహస్యం.

2కి తాళం వేస్తే 8. 4కి తాళం వేస్తే, 64లో నుంచి 33 పోగా 31. ఇప్పుడు ఈ రెండు గుప్తపాఠాలనూ గుణించండి. 8 ఇంటూ 31 అంటే 248. దాన్ని 33తో భాగిస్తే శేషం 17. ఈ 17కి తాళం తీస్తే ఏమొస్తుంది? 8 వస్తుంది. అంటే 2 ఇంటూ 4! తాళం తియ్యకుండానే లోపలి అంకెలను గుణించేశాం. (నిజంగా వాడేటప్పుడు 33 బదులు ఆరువందల పైచిలుకు అంకెలున్న సంఖ్య ఉంటుంది. అంత చిన్న సంఖ్యయితే రహస్యాన్ని ఎవరైనా కనిపెట్టేస్తారు.)

ఎంత బాగుందో కదా! ఇక్కడే తిరకాసు కూడా ఉంది. ఇందాక 31ని 8తో గుణించింది ఎవరు? ఎవరైనా కావచ్చు. దానికి రహస్యం తెలియనక్కరలేదు, అనుమతి అక్కరలేదు.

దొంగల్లో మూడు రకాలు

ఒక తాళం గట్టిదా కాదా అని అడిగితే, ఎలాంటి దొంగకు అని ఎదురు ప్రశ్న వెయ్యాలి. ఈ శాస్త్రంలో దొంగలను మూడు తరగతులుగా చూస్తారు.

మొదటివాడు కవర్లను బయట నుంచి చూస్తాడు. తనకిష్టమైన అంకెలు పెట్టి కొత్త కవర్లు కూడా అంటించుకోగలడు. విప్పడం మాత్రం రాదు.

రెండోవాడికి కాసేపు విప్పే యంత్రం చేతికి దొరుకుతుంది. దీనికి ఇంగ్లీషులో పెట్టిన పేరు లంచ్ టైమ్ దాడి. ఆఫీసరుగారు యంత్రం ఆపకుండా భోజనానికి వెళ్ళారు. ఆయన వచ్చేలోపు దొంగ తనకు నచ్చిన గుప్తపాఠాలన్నీ విప్పి చూసుకుంటాడు. మన ఆఫీసుల్లో భోజన విరామం ఎంతసేపో మీకు తెలుసు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి! ఆయన తిరిగి వచ్చాక ఒక కొత్త కవరు వస్తుంది. అందులో ఏముందో దొంగ చెప్పగలడా అన్నది ప్రశ్న.

మూడోవాడు ఇంకా గడుసువాడు. అసలు కవరు తన కళ్ళ ముందుకు వచ్చాక కూడా యంత్రం అతనికి అందుబాటులోనే ఉంటుంది. ఒకటే షరతు: ఆ ఒక్క కవరును విప్పమని అడగకూడదు. మిగతా ఏ కవరునైనా విప్పించుకోవచ్చు.

రెండు, మూడు రకాల వాళ్ళు చేసేవాటిని ఎంచుకున్న గుప్తపాఠంతో దాడి అంటారు. ఇది ఊహల్లో మాత్రమే ఉండే దొంగతనమనే చాలామంది అనుకున్నారు. 1998లో డానియెల్ బ్లైకెన్‌బాకర్ ఆ భ్రమ పోగొట్టాడు. వెబ్‌సైట్లను కాపాడే ఎస్ఎస్ఎల్ సర్వర్లు తమకు వచ్చిన గుప్తపాఠాన్ని విప్పి, లోపలి అమరిక సరిగ్గా లేకపోతే "తప్పు" అని చెప్పేవి. అంతే, విప్పిన అంకె ఏమీ చెప్పేవి కావు. ఆ ఒక్క మాటను ఆధారం చేసుకుని, సుమారు పది లక్షల ప్రశ్నలతో రహస్యం లాగవచ్చని ఆయన చూపించాడు. అందుకు ఆయన వాడుకున్నది ఇందాక మనం చేసిన గుణకారాన్నే. పందొమ్మిదేళ్ళ తరువాత 2017లో వెతికితే ఫేస్‌బుక్, పేపాల్ వంటి పెద్ద సైట్లలో కూడా ఈ లోపం దొరికింది. అప్పుడు సరిచేశారు.

ఎందుకు తప్పించుకోలేం

ఇప్పుడు మళ్ళీ చదివింపుల దగ్గరకు వెళదాం. సుబ్బారావు ఎంత పెట్టాడో తెలుసుకోవాలని అప్పారావుకు ఆరాటం. సుబ్బారావు కవరు విప్పమంటే పెళ్ళివారు విప్పరు. అందుకని అప్పారావు ఆ కవరుకు నకలు తీసుకుని, లోపలి అంకెకు ఒక్క రూపాయి కలుపుతాడు. కలపడానికి విప్పక్కరలేదు కదా, ఈ పద్ధతి గొప్పతనమే అది. బయట నుంచి చూస్తే అది వేరే కవరు. "ఇది నాది, ఎంతుందో కాస్త చూసి చెప్పండి" అంటాడు. పెళ్ళివారు చూసి "వెయ్యి నూట పదిహేడు" అంటారు. ఒకటి తీసేస్తే సుబ్బారావు చదివించినది వెయ్యి నూట పదహార్లు!

మూడో రకం దొంగ చేసేది సరిగ్గా ఇదే. షరతు ఎక్కడా మీరలేదు. అసలు కవరు విప్పమని అడగనే లేదు.

దీనికి మందు లేదా అంటే, మామూలు ఎన్‌క్రిప్షన్‌కు ఉంది. తాళం వేసే ముందు సందేశానికి ఒక ప్రత్యేకమైన అమరిక, ముద్ర కలుపుతారు. గుప్తపాఠంలో ఒక్క అంకె మారినా ముద్ర చెదిరి, యంత్రం దాన్ని పారేస్తుంది. 1998లో వచ్చిన క్రామర్-షూప్ పద్ధతి మూడో రకం దొంగకు కూడా లొంగదని నిరూపించారు. కానీ ఇలా ముద్ర వేస్తే కూడికలూ గుణకారాలూ చేసే సౌకర్యం పోతుంది. అది చెడగొట్టడమే ముద్ర పని.

కనుక తేలిందేమిటంటే, ఎవరైనా బయట నుంచి లెక్క చెయ్యగలిగిన ఏ పద్ధతీ మూడో రకం దొంగను ఆపలేదు. ఇది ఫలానా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం కాదు, వచ్చే ఏడాది కొత్త వెర్షన్‌లో పోయేదీ కాదు. గుమాస్తా లెక్క చెయ్యడానికీ అప్పారావు రూపాయి కలపడానికీ మధ్య గణితానికి తేడా తెలియదు.

భోజన విరామంలో ఏమవుతుంది

సరే, మూడోవాడిని ఆపలేం. రెండోవాడినైనా ఆపగలమా? ఇక్కడ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది.

ఈనాటి హోమోమార్ఫిక్ పద్ధతులన్నీ గుప్తపాఠంలో కావాలని కొంచెం చిల్లర తప్పు కలుపుతాయి. భద్రత అంతా ఆ తప్పులోనే ఉంది. లెక్కలు చేసేకొద్దీ ఆ తప్పు పెరుగుతుంది, మరీ పెరిగితే జవాబు పాడవుతుంది. జెంట్రీ చేసిన గొప్ప పని ఈ తప్పును మధ్యలో కడిగేసే ఉపాయం కనిపెట్టడం. దాన్ని బూట్‌స్ట్రాపింగ్ అంటారు. అందుకోసం రహస్య తాళంచెవినే తాళం వేసి అందరికీ ఇవ్వాలి. అంటే బీరువా తాళంచెవిని ఇంకో కవరులో పెట్టి, అంటించి, గుమాస్తా చేతికిచ్చినట్టు. మొదటి రకం దొంగకు అది పనికిరాని కవరు. మరి విప్పే యంత్రం కాసేపు దొరికినవాడు? మొట్టమొదట ఆ కవరే విప్పుతాడు! ఇక భోజనం ముగించుకుని ఆఫీసరు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

తాళంచెవి ఉన్న ఆ కవరు బయట పెట్టకపోయినా ప్రమాదం పోదు. దీనికో కిరాణా కొట్టు ఉదాహరణ చెబుతాను. మీ అసలు బిల్లు పది రూపాయల ముప్ఫై ఏడు పైసలు. కొట్టువాడు పైసలు చెప్పడు, దగ్గరి రూపాయికి సవరించి "పది" అంటాడు. నాకు అసలు బిల్లు కావాలి. ఒక్కో పైసా కలుపుతూ మళ్ళీ మళ్ళీ అడుగుతాను. పన్నెండు పైసలు కలిపేవరకు "పది" అనే అంటాడు. పదమూడో పైసా కలపగానే "పదకొండు" అంటాడు. అంటే యాభై పైసల గీత దాటింది. యాభైలో నుంచి పదమూడు తీస్తే ముప్ఫై ఏడు. అతను దాచిన పైసలు నాకు తెలిసిపోయాయి. గుప్తపాఠంలో దాచిన చిల్లర తప్పునూ ఇలాగే కొలవవచ్చు. ఆ తప్పు తెలిస్తే రహస్య తాళంచెవి గురించి ఒక సమీకరణం దొరుకుతుంది. తగినన్ని సమీకరణాలు పోగైతే తాళంచెవే దొరుకుతుంది. 2011 నుంచి పరిశోధకులు ఒక్కో పద్ధతినీ తీసుకుని ఇలాంటి దాడులు చేసి చూపించారు.

రెండో రకం దొంగకు తట్టుకునే పద్ధతులు సిద్ధాంతంలో లేకపోలేదు. 2017లో వైకుంఠనాథన్ ఉన్న బృందం అలాంటి నిర్మాణాలు ప్రకటించింది. కాని రోజువారీ పనుల్లో వాడే లైబ్రరీలు ప్రధానంగా మాట ఇచ్చేది మొదటి రకం దొంగ విషయంలోనే. ఇది గుర్తుపెట్టుకోవాలి.

జవాబు చెప్పినా చిక్కే

2020 దాకా చాలామంది ఒక ధైర్యంతో ఉన్నారు. విప్పే యంత్రాన్ని దొంగకు అందనివ్వకపోతే చాలు కదా అని. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బైయూ లీ, డానియెలే మిచాంచో ఆ ధైర్యానికి గండి కొట్టారు.

సీకేకేఎస్ అని 2017లో కొరియా శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతి ఒకటుంది. దశాంశాలతో లెక్కలు వేగంగా చేస్తుంది కనుక వైద్య వివరాల విశ్లేషణకూ కృత్రిమ మేధకూ దానికి గిరాకీ ఎక్కువ. అందులో చిల్లర తప్పును సవరించరు. జవాబు ఉజ్జాయింపుగా ఉంటే చాలుగదా అని అలాగే వదిలేస్తారు. ఉదాహరణకు ఒక ఆసుపత్రి తన రోగుల సగటు రక్తపోటును ఇలా లెక్క కట్టించి, నిజాయితీగా విప్పి, ఆ జవాబును లెక్క చేసిన కంపెనీకే తిరిగి చెప్పిందనుకోండి. ఆ జవాబు చివరి అంకెల్లో చిల్లర తప్పు కూడా ఉంటుంది. గుప్తపాఠంలో నుంచి ఆ జవాబు తీసేస్తే మిగిలేది తప్పు లేని శుద్ధ సమీకరణం. తెలియనిది రహస్య తాళంచెవి ఒక్కటే. హైస్కూల్లో చేసిన సమీకరణాల సాధనతో అది బయటకు వస్తుంది!

ఇక్కడ ఎవరూ యంత్రం దొంగిలించలేదు, కవరు మార్చలేదు. నిజాయితీగా చేసిన లెక్కకు నిజాయితీగా చెప్పిన జవాబే కొంప ముంచింది. ఆ తరువాత లైబ్రరీలు చేసేవాళ్ళు జవాబు బయట పెట్టేముందు మరికొంత చిల్లర తప్పు కలపడం వంటి జాగ్రత్తలు చేర్చారు. 2024లో ఇంకో రెండు బృందాలు, తప్పును సవరించే పద్ధతుల్లో కూడా అప్పుడప్పుడు జవాబు పాడయ్యే అవకాశం ఉంటే ఇలాంటి ప్రమాదమే ఉందని చూపించాయి.

మన ఎన్నికల సంగతి

ఇక చాలామంది అడిగే ఆన్‌లైన్ ఓటింగ్. బెన్ అడీడా 2008లో తయారుచేసిన హీలియోస్ ఇలాంటి వ్యవస్థల్లో పేరున్నది. సంఘాల ఎన్నికలకు సరిపోతుంది. ప్రతి ఓటూ తాళం వేసి వస్తుంది. కవర్లు విప్పకుండా కలిపి, మొత్తం ఉన్న కవరు ఒక్కదాన్నే విప్పుతారు. ఎవరు ఎవరికి వేశారో ఎన్నికల అధికారికి కూడా తెలియదు.

మరి ఒకడు తన కవరులో 1 బదులు 100 పెట్టి పంపితే? అందుకని ప్రతి ఓటుతోపాటు లోపల ఉన్నది 0 లేదా 1 మాత్రమే అని, ఏదో చెప్పకుండా, నిరూపించే గణిత ధ్రువపత్రం జతచెయ్యాలి. ఇది ఎన్‌క్రిప్షన్ ఇచ్చే రక్షణ కాదు, బయట నుంచి చేర్చిన కాపలా.

ఆ కాపలాలోనూ ఒక సందు మిగిలింది. వెరోనిక్ కోర్టియే, బెన్ స్మిత్ 2011లో దాన్ని చూపించారు. ఇద్దరే అభ్యర్థులు, ముగ్గురే ఓటర్లు అనుకోండి. మూడోవాడు మొదటివాడి ఓటు కవరును ధ్రువపత్రంతో సహా నకలు తీసి తన ఓటుగా వేశాడు. ఫలితం రెండు, ఒకటి అని వచ్చింది. రెండు ఓట్లు వచ్చిన అభ్యర్థికే మొదటివాడు వేశాడని తేలిపోయింది, ఎందుకంటే ఆ రెండు ఓట్లూ ఒకేలాంటివి. ఇక్కడ విప్పే యంత్రం ఎన్నికల ఫలితమే! దీనికి మందు సులువైనదే: నకళ్ళను ఏరివేయడం, ధ్రువపత్రాన్ని ఓటరు గుర్తింపుతో ముడిపెట్టడం. కాని ఆ మందు వెయ్యాలని ఎవరికో తట్టాలి.

విప్పే తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకో ప్రశ్న. ఒక్కరి దగ్గర ఉంటే ఆయన ఏ కవరైనా విప్పుకోవచ్చు. అందుకని ముగ్గురికి పంచుతారు. 2025లో అంతర్జాతీయ క్రిప్టాలజీ పరిశోధకుల సంఘం తన ఎన్నికలు హీలియోస్‌లోనే పెట్టింది. ముగ్గురి తాళంచెవులూ కలిస్తేనే ఫలితం తెరుచుకుంటుంది. ముగ్గురిలో ఒకరు తన తాళంచెవి పోగొట్టుకున్నారు. ఓట్లన్నీ భద్రంగా ఉన్నాయి, కాని విప్పేవారు లేరు! ఎన్నికలు మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఇకపై ముగ్గురిలో ఇద్దరుంటే చాలునని నియమం మార్చుకున్నారు. ఈ శాస్త్రంలో పండితుల సంఘానికే ఇలా జరిగిందంటే మన కార్యవర్గాలు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

అడగవలసిన ప్రశ్నలు

ఇదంతా చదివి హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ పనికిరాదని మాత్రం అనుకోవద్దు. మన రక్త పరీక్షల వివరాలు సర్వర్‌లో విప్పి పెట్టడం కన్నా తాళం వేసి లెక్క కట్టించడం వెయ్యి రెట్లు మేలు. చెప్పదలచుకున్నది ఒకటే. ఈ పద్ధతిలో తాళం గట్టిదనం ఒక్కటే సరిపోదు. ఎవరు విప్పుతారు, ఏది విప్పుతారు, విప్పినది ఎవరికి చెబుతారు అన్న కట్టుబాట్లు కూడా తాళంలో భాగమే.

కనుక ఎవరైనా మన సంఘానికి ఇలాంటి సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చి "అంతా ఎన్‌క్రిప్టెడ్ అండీ" అంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. విప్పే తాళంచెవి ఎందరి దగ్గర ఉంటుంది, ఒకరిది పోతే ఏమిటి దారి? విప్పేది మొత్తాన్నేనా, విడి కవర్లను విప్పే వీలు ఎవరికైనా ఉందా? పాడైన కవరు లేదా నకలు కవరు వస్తే ఏం చేస్తారు, పంపినవాడికి ఏమని జవాబిస్తారు? విప్పిన జవాబు లెక్క చేసిన కంపెనీకి తిరిగి వెళుతుందా?

ఈ నాలుగింటికీ వాళ్ళ దగ్గర కాగితం మీద రాసిచ్చే జవాబులు ఉంటే మాట్లాడండి. లేకపోతే ఈసారికి బ్యాలెట్ కాగితాలూ అట్టపెట్టే నయం.